నాలుగు కాళ్ళ మీద వాలేవి

తొంభైల చివర్లో హిందీ మాట్లాడే ఊళ్ళో, సిద్ధగోరా అనే పేటలో, నాన్న కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్ళం. పెరట్లో చచ్చిపడిన సీతాకోకచిలుకలను నాన్న సేఫ్టీ బూట్ల డబ్బాలో అమ్మ దాచేది. పదో తరగతి దాటని మనిషి, వాటిని రెండే గుంపులు చేసి చీటీలు రాసి పెట్టుకుంది. కరివేపాకు తిని పెరిగినవి ఒక పక్క. జిల్లేడువి, గన్నేరువి, గడ్డిలో తిరిగే మట్టిరంగువి కలిపి ఇంకో పక్క.

అప్పుడు నేను జువాలజీ ఎమ్మెస్సీ. చదవేస్తే ఉన్నమతి పోయిందంటారే, అదే నా పరిస్థితి. "యే గలత్ హై అమ్మా," అన్నాను. అమ్మ తెలుగులో అడిగితే పిల్లలం హిందీలో జవాబివ్వడం మా ఇంటి రివాజు.

"ఏటే తప్పు? ఇవన్నీ నాలుగు కాళ్ళ మీదే వాల్తన్నాయి. కరేపాకుదే ఆరింటి మీద వాల్తాది. సూడు."

నేను చూడలేదు. నా పుస్తకంలో జిల్లేడు, గన్నేరు మీద పెరిగేవాటిది ఒక కుటుంబం, గడ్డివాటిది వేరే కుటుంబం. డబ్బాలో అట్టముక్క అడ్డం పెట్టి, అమ్మ చీటీలు చింపేసి నావి అంటించాను. డబ్బా అటకెక్కింది. ఏ పురుగు కనిపించినా "ఇదేటే?" అని వెంటపడే మనిషి నన్ను అడగడం మానేసింది. హమ్మయ్య, ఇక చదువుకోవచ్చు అనుకున్నాను.

రెండువేలు దాటాక, అదే ఊళ్ళో మాంగో అనే పేటలో కాలేజీ పాఠాలు చెప్పే రోజుల్లో ఒక వ్యాసం చదివాను. జన్యువులు పోల్చి చూస్తే జిల్లేడు, గన్నేరువి, గడ్డివి వేరు కుటుంబాలు కావట, ఒకే పెద్ద కుటుంబంలో కొమ్మలట. కాళ్ళు చూసి ఆ మాట అన్నవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. నా పుస్తకమే ఒప్పుకోలేదు. సాయంత్రం ఆటో దిగి, భుజం మీది సంచితోనే గన్నేరు దగ్గర నిలబడ్డాను. నల్లటిదొకటి వాలింది. ముందుకాళ్ళు కురచగా రొమ్ముకు ముడుచుకుని, నాలుగింటి మీదే నిలబడింది. సిగ్గేసింది.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అలవాటుగా హిందీలోనే సంగతి చెప్పాను.

"మరాళ్ళేటి సూసి సెప్పారే?"

"ఒక్కోదాని కాలు తీసుకుని, అందులోని జన్యువులు చూశారమ్మా."

"కాలా?"

"కాలే."

"నేనూ కాళ్ళే కదే సూసినాను."

దెప్పలేదు. దెప్పినా బాగుండేది. "చూడకుండానే చింపేశానమ్మా, తప్పు నాదే," అన్నాను.

అమ్మ స్టూలేసుకుని డబ్బా దించింది. దుమ్ము తుడిచి, ముందు నా అట్టముక్క పీకేసింది. మూలన ఉన్న చిన్న బొద్దుదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"ఇది ఆరింటి మీదే వాల్తాది. ఒళ్ళు సూత్తే దీపం పురుగులాగుంది. ఇదేటే?"

ఇన్నేళ్ళకు అడిగింది. పుస్తకంలోని జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నీకేమనిపిస్తోందమ్మా?" అన్నాను, ఈసారి తెలుగులో.

అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, కూర్చోమని నాకు చోటిచ్చింది.