పోపు మీద తీర్మానం

స్వీడన్‌లో చదువుతున్నానంటే మా కిషన్‌బాగ్‌లో మొదట చలి గురించి అడుగుతారు. తర్వాత, అది స్విట్జర్లాండే కదా అంటారు. కాదని చెప్పడం మానేశాను. మా గల్లీలో సగం మందికి నేను చాక్లెట్ల దేశంలో ఉన్నాను, దాంతో ఎవరికీ నష్టం లేదు. చలి కూడా అనుకున్నంత కష్టమేం కాదు, కోటు వేసుకుంటే పోతుంది. కోటుతో పోనిది మీటింగ్.

నేను వెళ్లింది ఆ దేశానికి ఉత్తరాన ఒక చిన్న ఊరికి, లోహాల చదువుకు. బాపు కంచన్‌బాగ్‌లో ఒక ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర పని చేస్తాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నవి రెండే సంగతులు, లోహాలు, యూనియన్. రెండోదానికి ఎక్కడా సీటు ఇవ్వరు కాబట్టి మొదటిది తీసుకున్నాను.

హాస్టల్లో ఎనిమిది గదులకు ఒకటే వంటిల్లు. ఏడుగురు స్వీడన్ వాళ్లు, నేను. నవంబరులో ఒక సాయంత్రం పప్పుచారు కాచి పోపు పెట్టాను. ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు. మా ఇంట్లో ఆ చప్పుడుకు ఎవరూ తల కూడా ఎత్తరు. అక్కడ బిల్డింగ్ మొత్తం అరిచింది. పొగ అలారం. కాసేపట్లో అందరం మంచులో నిలబడ్డాం, సగం మంది ఉత్త సాక్సులతో. ఫైరింజన్ వచ్చింది. మా గల్లీకి ఫైరింజన్ వస్తే వెనకాలే మూడు గల్లీల జనం వస్తారు, ఒక ఛాయ్ బండి కూడా వస్తుంది. అక్కడ ఏమైందని అడిగిన మనిషి లేడు. హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన నా పోపు గరిటెను శవాన్ని తెచ్చినంత జాగ్రత్తగా బయటికి తెచ్చి, ఎవరిది అన్నాడు. నాదే అన్నాను. "మిరపకాయలా?" అని అడిగి, తుమ్మి, వెళ్లిపోయాడు.

ఎవరూ తిట్టలేదు. భయం వేసింది అందుకే. మర్నాడు ఫ్రిజ్ మీద కాగితం కనబడింది. గురువారం ఆరింటికి వంటింటి సమావేశం. మూడో అంశం, ఘాటుగా వేయించడం. నా పేరు రాయలేదు. మిగతా ఏడుగురూ బంగాళాదుంపలు ఉడకబెట్టుకునేవాళ్లే కాబట్టి రాయాల్సిన అవసరమూ లేదు. ఆ అంశం పాసైతే చదువు అయ్యేదాకా నాకు పోపు లేదు. పోపు లేని పప్పు మేం జ్వరం వస్తే తింటాం. రెండేళ్లు జ్వరం తెచ్చుకునే ఉద్దేశం నాకు లేదు.

యూనివర్సిటీలో మొదటి వారమే ఒక క్లాసు పెట్టి చెప్పారు, ఇక్కడ ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, ఖాళీ దొరికేదాకా ఆగాలి అని. మా ఇంట్లో ఖాళీ దొరికేదాకా ఆగితే అన్నం కూడా దొరకదు. అయినా ఆ గురువారం ఆగుదామనే వెళ్లాను.

అధ్యక్షురాలు నా పక్క గది అమ్మాయి. ఆమె ముందు చిన్న చెక్క సుత్తి, పక్కన మినిట్స్ రాసే అబ్బాయి. "ఘాటు వేపుళ్లు వద్దని నిర్ణయిద్దామా?" అని అడిగింది. మిగతా ఆరుగురూ ఒక్కసారే గట్టిగా గాలి లోపలికి పీల్చారు. మా దిక్కు మనిషి అట్లా గాలి పీల్చాడంటే తర్వాత వచ్చేది లొల్లే. నా తరఫున ఆరుగురు కొట్లాటకు దిగుతున్నారని గుండె నిండింది. ముందు వాళ్లను మాట్లాడనిద్దామని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సుత్తి పడింది. ఆ ఊళ్లో అట్లా గాలి పీలిస్తే సరే అన్నట్టు. మొదటి వారం క్లాసులో ఈ ముక్క చెప్పలేదు.

బాపుకు ఫోన్ చేశాను.

"నీ పోపు మీద మీటింగ్ వెట్టిన్రా? నువ్వేమన్నవే?"

"ఏమనలే బాపు. వాళ్లు గాలి పీల్చిన్రు, నేను ఆగిన."

"జిందగీల మొదటిసారి నోరు మూసుకున్నవ్, గా దినమే తీర్మానం పాసయింది. మంచిగుంది."

వెనక నుంచి అమ్మ అందుకుంది. "పోపు వద్దన్నోళ్లు ఏం తింటరంట?"

"ఉడకవెట్టిన ఆలుగడ్డలమ్మా."

"అయ్యో, అందరికీ పానం బాగలేదా?"

"నువ్వాగు జర," అని బాపు గొంతు సవరించుకున్నాడు. అది ఇంటి గొంతు కాదు, యూనియన్ గొంతు. "ఇను బిడ్డా. ఒర్రకు, ఏడ్వకు. పాత మినిట్స్ దేవులాడు. మీటింగ్‌లు వెట్టెటోళ్లు అన్నీ రాసి పెడ్తరు, రాసింది మల్ల చదవరు. మా మేనేజ్‌మెంట్ గూడ గంతే."

ఫైలు వంటింట్లోనే ఉంది, కాఫీ డబ్బాల పక్కన. ఫోన్‌లో అనువాదం చేసుకుంటూ చదివాను. నేను రాకముందు అలారం మూడుసార్లు మోగింది. ఒకసారి పిజ్జా, ఒకసారి మాడిన బ్రెడ్డు, ఒకసారి క్రిస్మస్ కొవ్వొత్తులు. మూడుసార్లూ ఒకటే తీర్మానం, ఇకపై జాగ్రత్తగా ఉందాం.

తర్వాతి సమావేశానికి అంశం నేనే రాసిచ్చాను. చెయ్యెత్తాను, వంతు వచ్చేదాకా ఆగాను, ఆ మూడూ చదివాను. "పిజ్జాను కూడా ఆపండి, అప్పుడు నేనూ మీతో గాలి పీలుస్తాను," అన్నాను. అధ్యక్షురాలు ఫైలు తీసుకుని ఆ మూడు పేజీలూ తిరగేసింది. వాళ్ల గురించి ఒకటి చెప్పాలి, రాసి ఉన్నది కళ్ల ముందు పెడితే బుకాయించరు. నిషేధం పోయింది. బదులుగా గోడకు కాగితం అంటిద్దామన్నారు, ఘాటు వంట చేసేవాళ్లు ముందురోజే తేదీ, సమయం రాయాలి.

"కిటికీ తెరుస్తాను, ఫ్యాను వేస్తాను, మూత పెడతాను. పోపుకు అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకోను," అన్నాను.

"నీ ఒక్కదానికే పెడితే అన్యాయం నిజమే," అంది అధ్యక్షురాలు. "ఏం వండినా అందరం రాద్దాం."

అందరూ గాలి పీల్చారు, నేను తప్ప. ఒప్పుకోనివాళ్లు అసమ్మతి రాయించుకోవచ్చని ఆ అమ్మాయే ఎంతో మర్యాదగా చెప్పింది. రాయించి సంతకం పెట్టాను. నాతో ఇంత గౌరవంగా ఎవరూ కొట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఏడుగురూ తప్పకుండా రాస్తున్నారు. మంగళవారం, ఆరున్నర, పాస్తా. కాగితంలో నా పేరున్న గడి ఒక్కటే ఖాళీ. రోజూ సాయంత్రం కిటికీ బార్లా తెరిచి, కోటు వేసుకుని పోపు పెట్టాను.

"అసమ్మతి రాయించినా తీర్మానం తీర్మానమేనే. తెల్వదా?" అన్నాడు బాపు ఫోన్‌లో.

"తెల్సు. ప్లాంట్‌ల మీ యూనియన్ వద్దన్నా వెట్టిన హాజరు మెషిన్ల నువ్వు వేలు వెడ్తున్నవా?"

బాపు యూనియన్ గొంతు వదిలేసి ఇంటి గొంతుకు వచ్చాడు. "పప్పు మంచిగయిందా?" అన్నాడు.

ఇప్పుడు సెలవులకు ఇంటికి వచ్చాను. నిన్న అధ్యక్షురాలి మెయిల్ వచ్చింది. సెలవుల తర్వాత సమావేశం, రెండో అంశం, ఖాళీ గడులు. వస్తానని జవాబు రాసి, మూడో అంశం చేర్చమన్నాను, గోడ మీద కాగితం తీసెయ్యడం.

అమ్మకు చదివి వినిపించాను.

"వాళ్లు ఏడుగురు, నువ్వొక్కదానివి," అంది.

"ఆరుగురే అమ్మా. మినిట్స్ రాసే పోరడు పోపు ఎట్ల వెడ్తరో నేర్పుమన్నడు."

"నేర్పినవా?"

"నేర్పిన. పోపు వెట్టిన దినం వాడు గూడ కాగితం మీద రాయలే."