నాలుగు పక్కలా మార్జిన్, నడుమ సున్నా

పదో తరగతి లెక్కల పరీక్షలో మా గది మొత్తానికి ఎక్కువ కాగితాలు వాడింది నేను. తక్కువ మార్కులు తెచ్చుకున్నదీ నేనే. ఈ రెండు ఘనకార్యాలూ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే బెంచీ మీద కూర్చుని ఎలా సాధించాడో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. మా అమ్మ కూడా నవ్వింది. కాకపోతే ఆమెకు ఆరేళ్లు పట్టింది.

అప్పట్లో ఎల్బీనగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని నేనూ అమ్మా ఉండేవాళ్లం. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన మా అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. పొద్దున లేస్తే వందమందికి ఉప్మా, మధ్యాహ్నం వందమందికి పప్పుచారు. ఆ పోపుల పొగ ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టి, ఖాళీ చేయనని మొండికేసింది.

"పొయ్యి దగ్గరికి పోవద్దమ్మా" అన్నాడు దవాఖానలో డాక్టరు.

"నేను పోకపోతే పొయ్యి నా దగ్గరికొస్తదా సారూ?" అంది అమ్మ, దగ్గుకూ దగ్గుకూ మధ్య దొరికిన సందులో.

నాకు ఈ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందిగా.

హాస్టల్ ఓనరు ఆమెకో మాటిచ్చాడు. "నీ కొడుకు టెన్త్ పాసై మెమో తెస్తే నా ఆఫీసులో అటెండర్‌గా పెట్టుకుంటా." మధ్యలో బడి మానేసి, మళ్లీ చేరి, రెండేళ్లు వెనకబడ్డ నాకు అప్పుడు పద్దెనిమిదో ఏడు. కొత్తగా వచ్చిన టీచర్లు నా మీసం చూసి తోటి సారనుకుని నమస్తే పెట్టేవారు. అంటే లెక్క సులువే: నేను పాసు, నాకు జీతం, అమ్మకు పొయ్యి నుంచి విడుదల. అమ్మ ఎంత నమ్మిందంటే వార్డెన్‌కు ముందే చెప్పేసింది. "జూన్ సంది నేను రాను మేడం. ఇంకొకామెను చూస్కోండ్రి."

మా పై వాటాలో ప్రసాదన్న ఉండేవాడు. తెనాలి వైపు నుంచి వచ్చి సర్కారు కొలువు కోసం కోచింగ్ తీసుకుంటున్న మనిషి. అమ్మ పంపే గిన్నెడు పులుసుకు బదులుగా నాకు లెక్కలు చెప్పే బాధ్యత నెత్తినేసుకున్నాడు. పులుసు బాగుండేది కాబట్టి ఆయనకు పెద్దగా నష్టం రాలేదు.

"శ్రీనూ, పరీక్ష గట్టెక్కాలంటే మూడే సూత్రాలురా. పాత పేపర్లు టైం పెట్టుకుని చెయ్యి. హాల్లో వచ్చినవి ముందు రాయి, రానివాటి సంగతి తర్వాత. ఇక మూడోది, నీట్‌గా ఉండాలి. దిద్దేవాడు కట్టలు కట్టలు దిద్ది నీరసపడి ఉంటాడు. చక్కగా మార్జిన్ కొట్టి, కుడిపక్క రఫ్ వర్క్‌కు ఇంకో గీత గీశావనుకో, పాపం వాడి ప్రాణం లేచొస్తుంది."

మొదటి రెండు సూత్రాలూ నా కుడి చెవిలో దూరి, ఎడమ చెవిలోంచి దిగి, షేర్ ఆటో ఎక్కి మలక్‌పేట వైపు వెళ్లిపోయాయి. మూడోది మాత్రం గుండెలో దిగింది.

"ఎడిషనల్ షీట్లు ఎక్కువ తీస్కుంటే ఎక్కువ మార్కులొస్తయంట గదన్నా?"

"రాస్తే వస్తాయిరా."

నేను 'వస్తాయి' వరకే విన్నాను.

పరీక్షకు ముందు ఆ రెండు నెలలు నేను పడ్డ కష్టం పగవాడు కూడా పడకూడదు. స్కేలు పట్టి, నల్ల పెన్నుతో ఒక గీత, దాని పక్కన ఆకుపచ్చ స్కెచ్‌తో జంట గీత, నాలుగు మూలలా నాలుగు పువ్వులు. నిజం చెప్పొద్దూ, త్రికోణమితి చూస్తే నాకు భయం. స్కేలు చూస్తే ధైర్యం. ఈత రానివాడు చెరువు గట్టున కూర్చుని అంగీ ఇస్త్రీ చేసుకున్నట్టు, పుస్తకాలకు పుస్తకాలు మార్జిన్లు కొట్టాను.

అమ్మ వాటిని చూసి మురిసిపోయి, ఒక నోటుబుక్కు హాస్టల్‌కు కూడా పట్టుకుపోయింది.

"సూడుండ్రి బిడ్డా, మా వాడు ఎట్ల సదువుతున్నడో!"

ఓ అమ్మాయి పేజీలు తిప్పి, "ఆంటీ, మార్జిన్లు సూపరున్నయ్ గానీ, నడుమ ఏం రాయలేదేంది?" అందట.

"గది పరీక్షల రాస్తడంట" అంది మా అమ్మ, నా మాటగా, నిబ్బరంగా.

పరీక్ష రోజు రానే వచ్చింది. ప్రశ్నపత్రం ఇచ్చారు. దాన్ని బోర్లా పెట్టి స్కేలు తీశాను. పది నిమిషాల్లో రాసే బుక్కంతా మార్జిన్లు కొట్టి, గది దద్దరిల్లేలా అరిచాను.

"మేడం, ఎడిషనల్!"

ఇన్విజిలేటర్ మేడం గడియారం చూసుకుంది. నా ముందు బెంచీ అమ్మాయి చేతిలో పెన్ను జారిపోయింది. మూడోసారి అడిగేసరికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇవాళ్టికీ ఆమెకు నేను క్షమాపణ బాకీ. ముందు బెంచీ అమ్మాయీ, నువ్వెక్కడున్నావో కానీ, ఆ రోజు నేనేమీ రాయలేదు తల్లీ.

గంట గడిచాక మేడం నా పక్కకొచ్చి వంగి చూసింది.

"ఏందిది? పచ్చ స్కెచ్ ఎందుకు వాడినవ్?"

"అందానికి మేడం."

"ఎర్ర ఇంకు, పచ్చ ఇంకు దిద్దేటోళ్లు వాడేటియి. నువ్వు వాడొద్దని బోర్డు మీద రాసింది కండ్లకు కనబడలే? ఈ షీట్లు తీస్త. వేరేయి ఇస్త, నల్లపెన్నుతోని రాయి. జల్ది!"

దేవుడు మనిషికి రెండో అవకాశం ఇస్తాడంటారే, అది ఇదే. చేతిలో తెల్ల కాగితాలు, ముందు ఇంకా బోలెడు సమయం. ప్రసాదన్న చెప్పిన చిన్న చిన్న లెక్కలు నాలుగు చేసుకున్నా ఒడ్డున పడేవాణ్ణి. తెలివైనవాడు ఏం చేస్తాడు?

నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. కొత్త షీట్లన్నిటికీ మళ్లీ మార్జిన్లు కొట్టాను. ఈసారి నల్ల పెన్నుతో, పువ్వులు కూడా నల్లగానే. రెండోసారి చేసింది మొదటిసారికన్నా బాగా వచ్చింది కూడా.

ప్రశ్నపత్రం తిప్పేసరికి చివరి గంట కొట్టడానికి ఇంకో పావుగంటే ఉంది. అందులో ఒక లెక్క నాకు వచ్చిందే. అది సగం చేశాను. మిగతావాటికి 'సాధన' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, ఎంతో సాధించినవాడిలా తెల్లదారంతో తొమ్మిది ఎడిషనల్స్ కట్టి ఇచ్చాను. మేడం వాటిని తిప్పి చూసి, నా మొహం చూసి, కట్టలో అడుగున పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు పెద్దలు. నేను ఇల్లొక్కటే కాదు, వాకిలి, వీధి, పక్కింటివాళ్ల అరుగు కూడా అలికాను. పండగ మాత్రం రాలేదు.

ఫలితాలు ప్రసాదన్న ఫోన్‌లో చూశాం. లెక్కల్లో రెండు మార్కులు. ఆయన ఫోన్ కిందికి పైకి జరిపాడు, పక్కన ఇంకో అంకె దాక్కుందేమోనని. "ఏరా, తొమ్మిది షీట్లు రాశానన్నావ్ కదా?" అన్నాడు మెల్లగా. ఎక్కడా రాశాననలేదు నేను. తీసుకున్నానన్నాను.

హాస్టల్‌కు వెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసి చేతులు తుడుచుకుంది. సరాసరి వార్డెన్ గదికి వెళ్లి గుమ్మం బయటే నిలబడింది.

"మేడం, జూన్ల కూడ నేనే ఒస్త. కొత్తామెకు ఒద్దని చెప్పుండ్రి."

తిరిగొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ పూట పోపు ఘాటు ఎక్కువైంది. ఇద్దరం దగ్గాం. కళ్లు తుడుచుకోవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

సప్లిమెంటరీ రాయొచ్చు కదా అంటారు. అటెండర్ ఉద్యోగం ఆ వారమే ఎవరికో పోయింది. ఆ పిల్లవాడి పేపర్‌కు మార్జిన్లు ఉన్నాయో లేవో నాకు తెలియదు. బడి ముఖం నేను మళ్లీ చూడలేదు. అమ్మ ఇంకో ఆరేళ్లు ఆ పొగలోనే ఉంది.

ఆరో ఏట దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద చిన్న బండి పెట్టాను. పరీక్ష అట్టలు, పెన్నులు, స్కేళ్లు. తెలిసిన పని అదొక్కటే మరి. ఆ రోజు అమ్మ హాస్టల్ మానేసి బండి పక్కన స్టూలేసుకుని కూర్చుంది. దగ్గు మాత్రం మానలేదు, ఆమె వెంటే వచ్చింది. మొదటి బేరం, హాల్ టికెట్ చేతిలో పట్టుకున్న ఓ టెన్త్ పిల్ల.

"అంకుల్, స్కేలు, రెండు స్కెచ్‌లు ఇవ్వండి. మార్జిన్లకి."

నేను తీయబోతుంటే అమ్మ నా చేయి పట్టుకుంది.

"బిడ్డా, నడుమ రాసేటిది ఒస్తదా?"

"వస్తుంది ఆంటీ."

"అయితే పెన్ను కొనుక్కపో. స్కేలు ఒద్దు. గీ స్కేలు పట్టుకొనే మా వాడు గీ బండి కాడికొచ్చిండు!"

అని పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గింది. మొదటి బేరం సగం పోయింది.

కాబట్టి పాఠకులారా, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లరు సాక్షిగా, మా అమ్మ దగ్గు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్లీ మార్జిన్ కొట్టను. నా పెళ్లి కార్డుకు బార్డర్ వద్దని ప్రింటింగ్ ప్రెస్సు ఆయనతో గొడవ పడ్డాను. ఇదంతా రాసిన కాగితానికి కూడా నాలుగు పక్కలా ఒక్క గీత లేదు. అక్షరాలు అంచు దాకా పోయి కింద పడేలా ఉన్నాయి. పడనివ్వండి. నడుమ మాత్రం నింపాను.