అమ్మ మెడలో స్పీకరు

వైరున్న వస్తువంటేనే చిన్నచూపు చూసే వయసు అది. డిప్లొమా ముగించి, ఎర్రగుంట్లలో ఓ సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. (చేరింది లారీల తూకం దగ్గర. అయినా ఇంట్లో అందరూ ఇంజనీరనే పిలిచేవారు, నేనూ సిగ్గు లేకుండా పలికేవాణ్ణి.) ఆ దర్జాలోనే ఓ బ్లూటూత్ స్పీకరు, ఫోనుతో పనిచేసే ఓ కాలరు మైకు కొనుక్కొచ్చాను. సరదాకి కాదు లెండి. మా అమ్మ ఊళ్లో కోలాటం జట్టుకు పాట చెప్పేది. ఆమె ఒక చరణం అందుకుంటే ఆడవాళ్లంతా దాన్నే తిరిగి పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ కోలలు కొట్టేవారు. ఆ ఏడు ఆమె గొంతుకు ఆపరేషనైంది. గట్టిగా పాడొద్దన్నాడు డాక్టరు. చూస్తే జట్టు ఏటా ఆడే ఒంటిమిట్ట ఉత్సవాలు దగ్గరికొచ్చేశాయి. "ఈసారికి ఫోన్లో పాటలు పెట్టుకుందాంలే, అక్కను ఎందుకు శ్రమ పెట్టాల" అంది మా చిన్నమ్మ, మంచికే. అమ్మ సరేనంది గానీ ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. అది చూశాకే నేను బజారుకు పరుగెత్తాను.

సాయంత్రం మిద్దె మీద జట్టంతా చేరింది. అమ్మ చీరకు మైకు తగిలించి, స్పీకరును పిట్టగోడ మీద పెట్టాను. అమ్మ మెల్లగా పాట అందుకుంది. స్పీకరు కూడా అందుకుంది, కాకపోతే కాస్త తాపీగా. అమ్మ రెండో మాటలో ఉంటే అది ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది. ముందున్నవాళ్లు అమ్మ నోరు చూసి కోల కొడితే, వెనకున్నవాళ్లు స్పీకరు విని కొట్టారు. చిన్నమ్మ వేలి మీద ఓ దెబ్బ పడింది. అమ్మేమో తన గొంతు తనకే ఆలస్యంగా వినపడుతుంటే, పోనీ పాపం రానీలే అన్నట్టు దాని కోసం ఆగడం మొదలుపెట్టింది. ఈవిడ ఆగేకొద్దీ అదీ ఆగేది. ఉరుకులు పెట్టాల్సిన కోలాటం పాట సాగి సాగి జోలపాటయి కూర్చుంది.

"ఏంరా, నా ఎనకాల ఎవరో ఎక్కిరిస్తాండారు" అంది అమ్మ.

స్పీకరు దూరంగా ఉంది కాబట్టి శబ్దం నడిచి వచ్చేసరికి ఆలస్యమవుతోందని తేల్చాను. (ఇంజనీరును కదా.) గోడ మీది నుంచి స్టూలు మీదికి, స్టూలు మీది నుంచి అమ్మ కాళ్ల దగ్గరికి మార్చాను. ఆఖరికి టవలుతో ఆమె మెడకే కట్టాను.

"మెడకు కట్టినా లేటుగానే వస్తాండాది గదరా నాయనా."

"ఇంగ దాన్ని మింగించేదొకటే మిగిలిండాది" అంది మా పెద్దమ్మ, అమ్మకు అక్క. మిద్దంతా నవ్వులు. ఆలస్యం దూరానిది కాదనీ, ఫోను నుంచి గాలిలో స్పీకరుకు చేరడంలోనే ఉందనీ, ఓ మామూలు వైరు తగిలిస్తే సరిపోయేదనీ నాకు చాన్నాళ్లకు గానీ తెలియలేదు.

చిన్నమ్మ ఇక లాభం లేదని, అమ్మ మెడలోంచి స్పీకరు విప్పి గోడ మీద పెట్టి, అందులోనే ఫోన్లోని పాట వేసింది. అందరూ వినేది ఒక్క స్పీకరునే కాబట్టి కోలలన్నీ కలిసి టకటకా పడ్డాయి. అమ్మ చోటు నిలబెడదామని తెచ్చిన వస్తువే ఆ చోట్లో కూర్చుంది. అమ్మ పక్కకు జరిగి, కోలలు ఒళ్లో పెట్టుకుని, "బాగుండాది, శానా బాగుండాది" అంటోంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇంతలో అందరూ వెనక్కు తిరిగి కొట్టే చోటు వచ్చింది. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె తిరిగేలోపే పాట ముందుకు పోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టారు. మళ్లీ అంతే. పెద్దమ్మ గోడవైపు తిరిగి ఒంటరిగా నిలబడిపోయింది.

"ఆపండే దాన్ని" అంది. కాసేపు మోకాలు పట్టుకుని కూర్చుంది. "మా చెల్లెలు పాడేటప్పుడు ఈడ మాటను సాగదీసేది. అది పాట వరసేమో అనుకుంటి. నేను తిరిగేదాకా ఆగేదని నాకేం తెలుసు. నా కాళ్లు బాగుండాయనుకుంటి ఇన్నాళ్లూ."

అమ్మ తల వంచుకుంది, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు. చిన్నమ్మే వెళ్లి స్పీకరు ఆపేసింది. "అక్కా, నీకెంత గొంతొస్తే అంతే పాడు. గట్టిగా పాడేది మేం సూసుకుంటాం" అంది.

ఒంటిమిట్టలో అలాగే ఆడారు. నేను జనంలో ఎక్కడో వెనక నిలబడ్డాను. జట్టు పాట వినిపించింది, కోలలు వినిపించాయి, అమ్మ పెదవులు కదలడం కనిపించింది. అంతే. ఆట ముగిశాక ఆమె దగ్గరికి పోయి, "నీ గొంతు అస్సలు ఇనపడలేదుమా" అన్నాను.

అమ్మ చెమట తుడుచుకుంటూ, "నీకెందుకురా ఇనపడాల? ఆడేవాళ్లకు ఇనపడింది" అంది.

ఆ మాటకు అలిగి, తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు మన ఇంజనీరు. ఇప్పుడు వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వాళ్లమ్మ గొంతు ఆ జనమందరికీ వినిపించాలని ఆశపడ్డాడు, పాపం.