పూజ పళ్లెంలో బేస్‌బాల్ గ్లవ్

మా తెలుగువాళ్ల క్లబ్బు అద్దాల బీరువాలో క్యారమ్స్ కప్పులకు చోటుండేది, నా బేస్‌బాల్ గ్లవ్‌కు, బంతి పట్టుకునే ఆ తోలు తొడుగుకు, ఉండేది కాదు. తొంభైల చివర్లో దీని గురించి నేను అడగని సమావేశం లేదు. చివరికి ఒకనాడు క్లబ్బు సెక్రటరీ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, అందరి ముందూ, "ఏటండీ ఇది, గిన్నెలు దించుకునే మసిగుడ్డా?" అన్నాడు. అప్పుడు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నేను బేస్‌బాల్ ఎన్నడూ ఆడలేదు. తెలుగునేలకు దూరంగా ఉన్న మా ఊళ్లో ఉక్కు కార్ఖానా కట్టడానికి ఎప్పుడో వచ్చిన అమెరికన్ ఇంజనీర్లు ఆ ఆట ఆడుకునేవారట. పాత బంగళాలు ఖాళీ చేసినప్పుడల్లా వాళ్లు వదిలిపోయిన సామాను బర్మామైన్స్ పేటలోని పాత సామాన్ల కొట్లకు చేరేది. ఆదివారం పూట నేను అక్కడ దుమ్ములో వెతికేవాణ్ణి. కుట్లు ఊడిన బంతి దొరికింది, ఆటగాళ్ల బొమ్మలున్న అట్టలు కొన్ని దొరికాయి, ఆ తర్వాత ఈ గ్లవ్. మణికట్టు పట్టీ లోపల సిరాతో రాసిన పేరుంది. జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడిన తొలితరం వాళ్లలో ఒకడి సంతకమని నా నమ్మకం.

ఆ ఏడాది కొత్త యంత్రం బిగించడానికి కార్ఖానాలో నేను పనిచేసే మిల్లుకు ఒక అమెరికన్ ఇంజనీరు వచ్చాడు. ఇలాంటివి తనూ సేకరిస్తాడట. సోనారి పేటలోని మా ఇంటికి పిలిచాను. సెక్రటరీనీ పిలిచాను. ఆ సంతకం విలువ అమెరికన్ నోట విని, మసిగుడ్డ అన్న మాట నా ముందుగదిలోనే వెనక్కి తీసుకోవాలని.

వాళ్లు వచ్చింది పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ మర్నాడు. అలమారా తెరిచి చూస్తే గ్లవ్ లేదు.

"అదా? ఇక్కడుందిరా," అంటూ మా నాన్న దేవుడి మూల నుంచి పళ్లెం పట్టుకొచ్చాడు. ఆయన కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏటా తన పాత సుత్తికీ పానాలకూ పూజ చేస్తాడు. వాటి మధ్య, బంతిపూల దండ వేసుకుని, సిందూరం బొట్టుతో, నూనెతో నిగనిగలాడుతూ నా గ్లవ్.

"ఏ కొలిమి కాడో ఎవుడి సెయ్యో కాసుంటాది. దణ్ణం ఎట్టకుండా ఎలాగ? కిరసనాయిలుతో తుడిసి ఆవనూనె రాసేను," అన్నాడు అతిథుల వైపు గర్వంగా చూస్తూ.

అదేమిటో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పినా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

అమెరికన్ పట్టీ తిప్పి చూశాడు. సిరా లేదు, నల్లటి మరక కూడా లేదు.

"అందులో పేరుండేది నాన్నా," అన్నాను. నా గొంతు ఎలా పలికిందో నాకే వినిపించింది.

ఆయన చేతిలో పళ్లెం కొంచెం వంగి సుత్తి జారింది. "పేరా? మురికనుకున్నాన్రా. తప్పు సేసేనేటి?"

నేను ఆయనవైపు చూడలేదు. సెక్రటరీ మొహం చూస్తున్నాను. నవ్వుతాడని, నవ్వగానే ఏమనాలో మాటలు కూర్చుకుంటున్నాను. అతను నవ్వలేదు. వంగి సుత్తి తీసి పళ్లెంలో పెట్టాడు.

"నేదు బాబాయ్, శానా బాగా సేసేవు. తోలు ఎండిపోయి ముక్కలైపోయేది, నువ్వు బతికించేవు," అన్నాడు. అదే ముక్క అతిథికి ఇంగ్లీషులో చెప్పాడు. అతిథి గ్లవ్ చేతికి తొడుక్కుని, వేళ్లు ముడిచి తెరిచి, ఔనన్నట్టు మా నాన్నకు తలూపాడు.

నాన్న మొహం తేటపడింది. బూందీ తెచ్చి ముందు సెక్రటరీ చేతిలోనే పోశాడు.

ఆ మనిషి నాకు చేసిన అవమానాలన్నిటిలో ఇదే పెద్దది. నేను అనాల్సిన మాట, నా ఇంట్లో, మా నాన్నతో అతను అన్నాడు. దీనికి ఎవరికి ఫిర్యాదు చేయను? టీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. ముందుగదిలో మా నాన్న, "ఏటి బాబూ, మీ దేశంలో కూడా కొలుములున్నాయా?" అని అడుగుతున్నాడు, సెక్రటరీ తర్జుమా చేస్తున్నాడు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. స్టవ్ ఆర్పాక కూడా నాకు బయటికి రావాలనిపించలేదు.