నడుము చుట్టుకున్న సర్పి

ఆ పొద్దున అద్దంలో చూసుకుంటే, నా నడుము చుట్టూ పాము తల, తోక కలిసిపోయి కనిపించాయి. ఇక నేను దక్కనని తేలిపోయింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట ఇది. పత్రికలో కొత్తగా చేరి, నల్లగొండలో పానగల్ దారిన ఒక గది కిరాయికి తీసుకుని, నాకు తెలియనిది లేదన్నట్టు తిరిగేవాణ్ణి. (మూఢనమ్మకాల మీద అరపేజీ వ్యాసం అచ్చయి వారం కాలేదు.) అలాంటి నాకు కుడి డొక్కలో మంట పుట్టి, నీటిపొక్కులు వరుసకట్టి వీపు వైపు పాకాయి. చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. మా ఇంటి యజమానురాలు అవ్వ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "సర్పి లేసింది కొడకా! గిది నడుం సుట్టు తిరిగి తలకాయ, తోక కలిస్తె మనిషి దక్కడు." "గదంత ఉత్తదే అవ్వా" అన్నానే గానీ, నా చెయ్యి మాత్రం వీపు తడుముతూనే ఉంది. ఆ సాయంత్రం నొప్పి మాత్ర మత్తులో బోర్లా పడుకుంటే, ఆమె గడపలకు పూసే ఎర్ర జాజు తడిపి పొక్కుల మీద పూసింది. వద్దనలేదు.

తెల్లారేసరికి ఆ ఎరుపు వీపు దాటి, ఎడమ డొక్క మీదుగా బొడ్డు దాటి మొదటి పొక్కుల దాకా వచ్చేసింది. పూసింది పొక్కుల మీదే కదా, ఎరుపున్న చోటల్లా సర్పి ఉన్నట్టే! "అన్నా, దవాఖానకు, జర జల్ది" అంటూ ఆటో ఎక్కాను. దారిలో అమ్మకు ఫోన్ చేసి, "తిన్నవా?" అని అడిగి పెట్టేశాను.

డాక్టరమ్మ తడి దూదితో ఎడమవైపు తుడిచింది. సగం పాము దూదిలోకి వచ్చేసింది. కింద చర్మం నున్నగా ఉంది. నా పరుగు చూసి ఇంకో ఆటోలో వెనకే వచ్చిన అవ్వ గుమ్మంలో నిలబడి, "పాము దాటకుంట గా పక్కకు గూడ అడ్డం గీత గీసిన. సెమటకు కారినట్టుంది" అంది.

"ఏం పని చేస్తవు తమ్మీ?" అడిగింది డాక్టరమ్మ.

"పేపర్ల రాస్త మేడం."

"గిది మాత్రం రాయకు" అని నవ్వి, "చిన్నప్పుడు అమ్మవారు పోసిందా? గా వైరసే వెన్ను పక్కన నరంల దాక్కొని ఇప్పుడు లేసింది. ఒక్క నరం పట్టుకొని ఒక్క పక్కనే వస్తది. కలుసుడు గిలుసుడు ఏం లేదు" అంది.

"మల్ల వస్తదా మేడం?"

"రావచ్చు, రాకపోవచ్చు. లోపల్నుంచి మాత్రం పోదు."

ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. అయినా డొక్కలో ఎక్కడ చురుక్కుమన్నా, నాలో నేను నవ్వుకుంటూనే తలుపు గడియపెట్టి చొక్కా ఎత్తి చూసుకుంటాను. అది ఇంకా వెన్ను పక్కనే నిద్రపోతోంది. ఎప్పుడు లేస్తుందో, అసలు లేస్తుందో లేదో, ఆ డాక్టరమ్మకూ తెలియదు.