ఏం అనిపియ్యకున్నా

నాకప్పుడు పదిహేడేళ్లు. పుట్టుకతోనే హెచ్ఐవీ. గోలీలు వేసుకోవడం మానేసి నెల దాటింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. వికారాబాద్ ఆసుపత్రిలో ఇచ్చిన మందులు తీసుకుని తాండూరు రైలెక్కాను. కిటికీలోంచి సీసా పారేయబోతుంటే ఎదురుగా కూర్చున్న ఆమె నా చెయ్యి పట్టుకుంది. తన సంచిలోంచి అలాంటి సీసానే తీసి, అందరి ముందే గోలీ మింగింది.

"ఎవరన్న చూస్తరు," అన్నాను.

"చూడనీ బిడ్డా, బీపీ గోలీ అనుకుంటరు. నువ్వెందుకు పారేస్తున్నవ్?"

"బతకాలని లేదు, సావాలని లేదు. ఏం అనిపిస్తలేదు."

"నాకు సుత మస్తు దినాలు గట్లనే ఉండె. ఏం అనిపియ్యకున్నా ఏస్కున్న."

తాండూరులో ఆమె దిగి జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేదు. నాకు ఏడుపూ రాలేదు, ధైర్యమూ రాలేదు. మర్నాడు మళ్లీ వికారాబాద్ పోయి, మానేసిన సంగతి డాక్టరమ్మకు చెప్పాను.