వంటావార్పు నాటి బొబ్బ

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో మా బాపు జనగామలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. గిరాకీతో కూడా గొంతు పెంచి మాట్లాడి ఎరుగడు. అలాంటి మనిషి ర్యాలీల్లో గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, ఇంటికొచ్చి చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు. అమ్మ అడిగితే, "ఒర్రీ ఒర్రీ గొంతెండుతది గదనే" అనేవాడు. చొక్కాలు వదులైతే తిరుగుడు ఎక్కువైందనుకున్నాం. ఒకసారి ఒంటి చెప్పుతో ఇల్లు చేరాడు. రెండోది ఎక్కడ ఊడిందో ఆయనకే తెలియదు. గుంపులో ఎవరో తొక్కి ఉంటారని మేమే తేల్చేసి నవ్వుకున్నాం. అప్పట్లో మా ఇంట్లో దేనికైనా ఉద్యమమే కారణం. అంత వీలైన కారణం మాకు మళ్లీ దొరకలేదు.

ఆ ఎండాకాలం హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే తినడం అప్పటి నిరసన. అమ్మా నేనూ కూరగాయలు తరిగే ఆడవాళ్లలో కూర్చున్నాం. బాపు చెప్పులు విడిచి, అన్నం గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యిలోంచి ఒక నిప్పు దొర్లి వచ్చింది. ఆయన దాని మీదే కాలు వేసి అన్నం కలుపుతూ ఉన్నాడు. పక్కనున్న మనిషి చూసి చెయ్యి పట్టి లాగాడు.

"నిప్పుల మీద నిలవడ్డా కదుల్తలేడు. గిసొంటోళ్లుంటే తెలంగాణ ఎట్ల రాదన్నా" అన్నాడా మనిషి అందరికీ వినబడేలా. చప్పట్లు మోగాయి. బాపు మొదట తెల్లబోయాడు, తర్వాత నవ్వాడు. సాయంత్రానికి తానూ నమ్మేశాడు. నాకైతే గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు.

బొటనవేలి కింద బొబ్బ లేచింది, పగిలి పుండైంది. మహబూబాబాద్ నుంచి మేనత్త వచ్చి చూసింది, భూపాలపల్లి నుంచి మేనమామ వచ్చాడు. వచ్చినవాళ్లందరికీ బాపు కట్టు విప్పి చూపించేవాడు. వాళ్లు పొగిడి, చాయ్ తాగి పోయేవాళ్లు. పుండు మాత్రం మానకుండా లోతుకు దిగింది.

అమ్మకు ఒకటి అంతుపట్టలేదు. తలనొప్పి వస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఆమె ఉప్పునీళ్లతో పుండు కడుగుతుంటే తాపీగా పేపరు చదువుకునేవాడు.

"జర్రంత గూడ నొస్తలేదా?" అని అడిగింది.

"పోరాటంల గిసొంటివి లెక్కజేస్తరా?"

"వాసనొస్తాంది. దవాఖానకు నడువు."

"గింత దానికి దవాఖాననా? నలుగురు నవ్వుతరు."

నాకు ఆ నలుగురి మీదే కోపమొచ్చింది. బొటనవేలు నల్లబడుతోంది, చూడడానికి వచ్చినవాళ్లు ఇంకా శభాష్ అంటున్నారు. వేలు పూర్తిగా నల్లబడ్డాక అమ్మ ఇక ఆయన్ని అడగలేదు. ఆటో పిలిచి ఎక్కించింది. నేనూ ఎక్కాను.

డాక్టరు పుండు చూసి, "షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉంది?" అన్నాడు.

"నాకు షుగర్ లేదు సార్."

రక్తం తీసి చూశారు. చాలా ఎక్కువ ఉంది. డాక్టరు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. "నేను ముట్టినప్పుడల్లా చెప్పాలె" అన్నాడు. సన్నటి పుల్లతో ఒక్కో వేలినీ, అరికాలినీ, మడమనూ తాకుతూ పోయాడు. తర్వాత రెండో పాదం. బాపు బుద్ధిగా కళ్లు మూసుకుని ఉన్నాడు. నేనూ అమ్మా ఆయన నోరు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాం.

చివరికి బాపే అన్నాడు, "ఇగ మొదలువెట్టుండ్రి సార్."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. షుగర్ చాలా కాలంగా ఉండి, పాదాల్లో స్పర్శ పోయింది. దాహం వేయడం, ఒళ్లు తగ్గడం, కాలి చెప్పు ఊడినా తెలియకపోవడం అన్నీ దానివే. బొటనవేలు తీసేయాలి. ఇంకా ఆలస్యం చేస్తే పాదమే పోతుంది.

బాపు లేచి కూర్చున్నాడు. వేలి గురించి ఒక్క మాటా అడగలేదు. కాసేపు తన కాలి వంక చూసుకుని, "అయితే ఆ దినం నేను ఓర్సుకోలేదన్నట్టా సార్?" అన్నాడు.

ఆ దినమంటే ఏ దినమో డాక్టరుకు తెలియదు. తెలిసిన అమ్మ వంగి, ఆ కాలికి మళ్లీ కట్టు కట్టసాగింది.